లిబ్రెఆఫీస్ రివ్యూ: మంగళవారం కూడా ప్రింట్ అవుతుంది

2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ ఒకే దెబ్బకి విండోస్ 10కీ, ఆఫీస్ 2016కీ, ఆఫీస్ 2019కీ నీళ్లొదిలేసింది. అంటే ఆ రోజునుంచి అవి పనిచెయ్యవని కాదు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతాయని (విండోస్ 10 వాడే మామూలు జనానికి ఇంకో ఏడాది గడువు ఇచ్చారు లెండి, దాని షరతులు వేరే కథ). అప్పట్నించీ చుట్టాల్లో, స్నేహితుల్లో "ఆ ఫ్రీగా వచ్చేదేదో ఉందటగా, బాగుంటుందా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. దాని పేరు లిబ్రెఆఫీస్, వర్డ్, ఎక్సెల్ చేసే పనులకి ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్. నేను ఇంట్లో చాలా ఏళ్లుగా వాడుతున్నాను, తెలుగులో రాసుకోడానికీ, మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలకీ. ప్రతివాళ్లకీ ఫోన్లో విడివిడిగా చెప్పేకన్నా ఒకసారి రాసి పడేస్తే లింకు పంపొచ్చు కదా అని ఇది.

ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తున్నా. మీ ఫైళ్లు మీరే రాసుకుని, మీ దగ్గరే దాచుకుని, చివరికి పీడీఎఫ్ చేసి పంపే రకమైతే కళ్లు మూసుకుని పెట్టేసుకోండి. పక్కవాళ్లు పంపిన వర్డ్ ఫైల్లో రంగురంగుల కామెంట్లు పెట్టి తిప్పి పంపడమే మీ ఉద్యోగమైతే మాత్రం తొందరపడొద్దు.

దీని పుట్టుపూర్వోత్తరాలు చెప్పకుండా రివ్యూ రాస్తే అన్యాయం, ఎందుకంటే ఓపెన్ సోర్స్ (అంటే కోడ్ అందరికీ తెరిచిపెట్టే సాఫ్ట్‌వేర్) లోకంలో ఇంతకంటే మంచి సీరియల్ లేదు. 1980ల్లో జర్మనీలో స్టార్ డివిజన్ అనే చిన్న కంపెనీ స్టార్‌రైటర్ అని ఒకటి మొదలెట్టింది, అది పెరిగి స్టార్‌ఆఫీస్ అయింది. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ ఆ కంపెనీనే కొనేసింది. ఎందుకయ్యా అంటే, సన్‌లో అప్పట్లో నలభై రెండు వేలమంది ఉద్యోగులు, అందరికీ మైక్రోసాఫ్ట్ ఆఫీస్ లైసెన్సులు కొనడంకన్నా ఈ కంపెనీని కొనడమే చవక అని ఆ సంస్థలో పనిచేసినవాళ్లే తరవాత చెప్పుకొచ్చారు. 2000లో సోర్స్ కోడ్ బయటపెట్టి ఓపెన్‌ఆఫీస్ అన్నారు. 2010 జనవరిలో సన్‌ని ఒరాకిల్ కొంది. కొత్త యజమాని వాలకం చూసి భయపడ్డ డెవలపర్లు అదే ఏడాది సెప్టెంబర్ 28న వేరుకాపురం పెట్టారు. దానికే లిబ్రెఆఫీస్ అని పేరు, నడిపేది బెర్లిన్‌లో రిజిస్టర్ చేసిన డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ. పాత పేరు మాకిమ్మని ఒరాకిల్‌ని అడిగితే ఇవ్వలేదు. పోనీ తనైనా నడిపిందా అంటే అదీ లేదు, 2011లో తీసుకెళ్లి అపాచీ ఫౌండేషన్ చేతిలో పెట్టింది. అంటే పనిచేసే మనుషులు ఒకవైపు, పేరు ఒకవైపు. ఈ పేరు గొడవ గుర్తుపెట్టుకోండి, మీ డౌన్‌లోడ్‌తో దీనికి నేరుగా సంబంధం ఉంది, చివర్లో చెప్తాను.

ఇక టైటిల్లో ఉన్న మంగళవారం సంగతి. ఇది ఇంకా ఓపెన్‌ఆఫీస్ రోజుల్లో, 2008-09 ప్రాంతంలో, ఉబుంటు లినక్స్ (విండోస్ బదులు ఊరికే దొరికే సిస్టమ్) వాడే ఒకాయన బయటపెట్టిన విషయం. వాళ్లావిడ ఎప్పట్నించో అంటోందట, మన కంప్యూటర్లో మంగళవారాలు ప్రింట్ రాదు అని. ఎవరు నమ్ముతారు? మనింట్లో అయితే "మంగళవారం కొత్త పని పెట్టుకోవద్దని చెప్తే విన్నారా" అని బామ్మ ఓ మాట అని ఊరుకునేది, కేసు అక్కడితో క్లోజ్. ఆయన మాత్రం తవ్వాడు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ప్రింటర్‌కి వెళ్లే ఫైలు పైభాగంలో తయారైన తేదీ ఉంటుంది, అందులో వారం పేరు ఇంగ్లీషులో మూడక్షరాలు ఉంటుంది. ఫైలు ఏ రకమో చూసి చెప్పడానికి లినక్స్‌లో వేరే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంది. ఎర్లాంగ్ అనే ప్రోగ్రామింగ్ భాషకి చెందిన ఒకానొక పాత రకం ఫైలుని గుర్తుపట్టడానికి అందులో రాసిన నియమం కాస్త తప్పుగా ఉండి, మంగళవారాన్ని సూచించే ఆ మూడక్షరాలు కనపడగానే "ఇది ప్రింట్ చెయ్యాల్సింది కాదు" అని తేల్చేస్తోంది. బుధవారం తెల్లారేసరికి అంతా మామూలే. పాపం ఓపెన్‌ఆఫీస్ తప్పు ఇసుమంత కూడా లేదు, పేరు మాత్రం దానికే పోయింది. సాఫ్ట్‌వేర్ గురించి జనం చెప్పే వింత ఫిర్యాదుల్ని కొట్టిపారేసే ఇంజినీర్లందరికీ ఈ కేసు సిలబస్‌లో పెట్టాలి.

సరే, ఇప్పటి సరుకు చూద్దాం. డౌన్‌లోడ్ దాదాపు మూడొందల యాభై ఎంబీ. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ ఉంది. పెట్టుకోగానే తెరుచుకుంటుంది, అంతే. లాగిన్ అడగదు, ఫోన్ నంబరు అడగదు, యాక్టివేషన్ కీ అడగదు, క్లౌడ్‌లో దాస్తానని మొండికెయ్యదు, మూల నుంచి తొంగిచూసి "మీకోసం ఈ ఉత్తరం నేను రాసిపెట్టనా?" అనదు. ఈ చివరిదాని విలువ రోజురోజుకీ పెరుగుతోంది. మైక్రోసాఫ్ట్ 365లో కోపైలట్ అనే ఏఐ సహాయకుణ్ని కలిపి రేటు పెంచి, అది లేని పాత ప్లాన్ ఇంకా దొరుకుతుందన్న సంగతి ఖాతాదారులకి సరిగ్గా చెప్పలేదంటూ ఆస్ట్రేలియా వినియోగదారుల కమిషన్ 2025 అక్టోబర్లో కోర్టుకే వెళ్లింది.

చూడ్డానికి? నిజాయితీగా చెప్పాలంటే మొదటిసారి తెరవగానే 2003 నాటి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చున్నట్టు ఉంటుంది. మెనూలు, వాటి కింద చిన్న చిన్న బొమ్మల వరసలు. వర్డ్‌లో ఉండే రిబ్బన్‌కి అలవాటు పడ్డవాళ్లు వ్యూ మెనూలో యూజర్ ఇంటర్‌ఫేస్ అన్న చోటికి వెళ్లి ట్యాబ్డ్ అని ఎంచుకుంటే దాదాపు అలాగే మారుతుంది. మొట్టమొదట చెయ్యాల్సిన పని ఇదే, చాలామంది ఇది తెలియక మొదటి రోజే తీసి పారేస్తారు. నాకు మాత్రం పాత మెనూలే ఇష్టం, వెతికింది వెతికిన చోటే ఉంటుంది.

ఇక అసలు పరీక్ష, వర్డ్ ఫైళ్లు. మా బాబాయి రిటైర్డ్ టీచరు, పద్యాలు రాస్తాడు, సాహితీ సంస్థ ఆహ్వాన పత్రాలు ఆయన చేతి మీదుగానే వెళ్తాయి. ఆయన ఫోన్ చేసి "ఒరే, ఫైలు తెరుచుకుందిరా, కానీ సరస్వతీదేవి రెండో పేజీలోకి పోయింది, వక్త ఫోటో వచ్చి అధ్యక్షుడి పేరు మీద కూర్చుంది" అన్నాడు. లిబ్రెఆఫీస్‌తో వచ్చే ఇబ్బందుల్లో సగం ఈ ఒక్క వాక్యంలో ఉన్నాయి. మామూలు పేరాలు, పట్టికలు, హెడ్డింగులు ఉన్న డాక్‌ఎక్స్ ఫైళ్లు చక్కగానే తెరుచుకుంటాయి. టెక్స్ట్ బాక్సులు, తేలే బొమ్మలు, ఒకదాని మీద ఒకటి పేర్చిన డిజైన్లు ఉన్నవి కదిలిపోతాయి. చాలాసార్లు కారణం ఫాంటు. కాలిబ్రి, కాంబ్రియా లాంటివి మైక్రోసాఫ్ట్‌కి చెందినవి, లిబ్రెఆఫీస్‌తో రావు. వాటి బదులు కార్లిటో, కలాడియా అనేవి వస్తాయి, అక్షరాల వెడల్పు అచ్చంగా సరిపోయేలా చేసినవి, కాబట్టి ఇంగ్లీషులో లైన్లు విరిగే చోటు మారదు. తెలుగు ఫాంట్లకి అలాంటి జోడీలు ఎవరూ చెయ్యలేదు, కాబట్టి అవతలివాళ్ల ఫాంటు మీ దగ్గర లేకపోతే పేజీ మొత్తం జరుగుతుంది, దాంతోపాటే సరస్వతీదేవి కూడా.

మిగతా కారణం ఫార్మాట్ రాజకీయం. లిబ్రెఆఫీస్ సొంత ఫార్మాట్ ఓడీఎఫ్, 2006లోనే ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం అయింది. దానికి పోటీగా మైక్రోసాఫ్ట్ తన ఫార్మాట్‌ని కూడా ప్రమాణం చెయ్యమని తెచ్చిన పత్రం ఆరు వేల పేజీలు పైచిలుకే. దాన్ని పూర్తిగా చదివిన మనిషి భూమ్మీద ఉన్నాడా అని నా అనుమానం. ఓటింగులో ఇండియా వ్యతిరేకంగా వేసింది, ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలీదు. అయినా 2008లో అది కూడా ప్రమాణం అయిపోయింది. అంత పెద్ద పత్రాన్ని బయటివాళ్లు కూర్చుని మళ్లీ అచ్చుగుద్దినట్టు అమలు చెయ్యడం అంటే మాటలు కాదు, ఈమాత్రం చెయ్యడమే గొప్ప. మీ ఓడీటీ ఫైలు (ఓడీఎఫ్‌లో దాచుకున్న ఉత్తరం, వ్యాసం లాంటిది) పేరు చివర జిప్ అని మార్చి తెరిచి చూడండి ఓసారి, లోపల మీరు రాసిన వాక్యాలు మామూలు టెక్స్ట్‌గా కనిపిస్తాయి. రేపు ఈ ప్రోగ్రామే మూతబడినా మీ రాత మీకు దక్కుతుంది. నా వరకు దీన్ని వాడడానికి అసలు కారణం ఇదే, ధర తరవాత సంగతి.

తెలుగు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఇంగ్లీషు రివ్యూల్లో దీని గురించి ఒక్క ముక్క ఉండదు.

మంచి ముందు. 2017లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి లిబ్రెఆఫీస్ అన్ని సిస్టమ్స్ మీదా హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ఇంజిన్‌తో అక్షరాలు కూరుస్తోంది. ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో ఉన్నది కూడా ఇదే. ఒత్తులు, గుణింతాలు, వట్రసుడులు ఎక్కడ కూర్చోవాలో అక్కడ కూర్చుంటాయి, విండోస్‌లో రాసింది లినక్స్‌లో తెరిచినా రూపం మారదు. ఇది చిన్న విషయం అనుకునేవాళ్లు 2018 ఫిబ్రవరి గుర్తు తెచ్చుకోండి. మన జ్ఞా అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో మెసేజ్‌గా వస్తే ఐఫోన్లు పడిపోయేవి, ఆపిల్ హడావిడిగా అప్‌డేట్ ఇవ్వాల్సొచ్చింది. లక్షల కోట్ల కంపెనీకే జ్ఞానం దగ్గర తడబాటు వచ్చిందని అప్పట్లో మనవాళ్లు జోకులే జోకులు.

ఇప్పుడు చెడ్డ. లిబ్రెఆఫీస్ ప్రపంచ భాషల్ని మూడు అరల్లో పెట్టింది: పాశ్చాత్య, ఆసియా, కాంప్లెక్స్. ఆసియా అంటే చైనా, జపాన్, కొరియా అట, మనం కాంప్లెక్స్. ఒక్కో అరకీ ఫాంటు వేరు, సైజు వేరు, బోల్డ్ కూడా వేరు. స్టైల్స్‌లో హెడ్డింగ్ సైజు పెంచితే ఇంగ్లీషు పెరుగుతుంది, తెలుగు కదలదు, ఎందుకంటే మనది ఇంకో గడిలో మార్చాలి. తెలుగు టైప్ చేస్తుంటే పైన ఫాంటు పేరు దగ్గర చాలాసార్లు మంగళ్ అనే హిందీ ఫాంటు పేరు కనపడుతుంది (పై మంగళవారానికీ దీనికీ చుట్టరికం లేదు). ఆప్షన్స్‌లో భాషల విభాగానికి వెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ దగ్గర తెలుగు ఎంచుకుని, డిఫాల్ట్ ఫాంట్లలో తెలుగు ఫాంటు పెట్టుకుంటే సగం తలనొప్పి తీరుతుంది. ఫాంటు ఏది అంటారా, సిలికానాంధ్ర వాళ్లు ఉచిత లైసెన్సుతో విడుదల చేయించిన మండలి, రామభద్ర, సూరన్న, ఎన్టీఆర్ లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. పుస్తకం లోపలి పేజీలకి నేను మండలి వాడతాను. ఫైలు ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ ట్యాబ్‌లో ఎంబెడ్ అని ఒక టిక్ ఉంది, అది పెడితే ఫాంటు ఫైలుతోపాటే ప్రయాణం చేస్తుంది. బాబాయి కష్టానికి మందు అదే.

తెలుగు టైపింగ్ సదుపాయం లిబ్రెఆఫీస్ ఇవ్వదు, కీబోర్డు సిస్టమ్‌దే. విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ ఉంది, లినక్స్‌లో ఇన్‌స్క్రిప్ట్ నుంచి ఆర్టీఎస్ దాకా ఉన్నాయి. ఆర్టీఎస్ అంటే 90ల్లో అమెరికాలో రైస్ యూనివర్సిటీలో చదువుకున్న మనవాళ్లు పుట్టించిన పద్ధతి, ఇప్పటికీ నా వేళ్లకి అదే హాయి. స్పెల్ చెక్ తెలుగుకి ఉంది, కానీ వద్దు. నిఘంటువులో ఉన్న మాటల్ని పోల్చే పద్ధతి అది, మనమేమో "చెయ్యలేకపోతున్నానంటోందట" అని ఒకే ఊపులో రాసే జనం. పేజీ అంతా ఎర్రగీతలతో హోలీ ఆడినట్టుంటుంది, ఆపేసుకోండి.

ఇంకో పెద్ద అడ్డం అను ఫాంట్లు. మన పెళ్లిపత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు ఇవాళ్టికీ చాలా డీటీపీ షాపుల్లో అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లోనే తయారవుతున్నాయి (పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 2001లో వచ్చింది, అక్కడితో ఆ కథ అయిపోయింది, మన షాపుల్లో తప్ప). అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్లో అయినా ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాదు. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసి కనిపిస్తాయి. ఇది లిబ్రెఆఫీస్ లోపం కాదు, వర్డ్‌లో తెరిచినా అదే గతి. ముందు యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేసి, అచ్చుతప్పులు దిద్దుకుని, అప్పుడు ఇక్కడికి తెచ్చుకోవాలి. బాబాయి శతకానికి ఆ పని నాకే పడింది, ఆ దిద్దుబాటు ఇంకా అవుతూనే ఉంది.

కాల్క్, అంటే ఎక్సెల్‌కి జవాబు, నాకు పూర్తి తృప్తి. మెయింటెనెన్స్ లెక్కలు, జీతాల పట్టిక, పిల్లల మార్కులు ఏవైనా హాయిగా అవుతాయి. పట్టికలో వెతికి తెచ్చే ఎక్స్‌లుకప్ ఫార్ములా కూడా 2024 ఆగస్టు వెర్షన్‌లో వచ్చేసింది. కామాలు లక్షలు, కోట్లు లెక్కన పడాలంటే నంబర్ ఫార్మాట్ సరిచేసుకుంటే చాలు. కానీ మీ ఆఫీసు ఎక్సెల్ ఫైల్లో ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిపోయిన మాక్రోలు (పనులు వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాములు) ఉంటే వాటిమీద ఆశలు పెట్టుకోకండి, కొన్ని నడుస్తాయి, కొన్ని మొరాయిస్తాయి, ఏవి ఎందుకో తెలుసుకునేలోపు సాయంత్రం అవుతుంది. ఇంప్రెస్ స్లైడ్లకి పనికొస్తుంది, అందం అడగొద్దు. బేస్ అనే డేటాబేస్ ఉంది, కొన్ని పనులకి జావా కూడా పెట్టుకోమంటుంది, నేను తెరిచి మూసేశాను, మీరూ అంతే చేస్తారు. ఒకే ఫైలు మీద నలుగురు ఒకేసారి రాయడం, గూగుల్ డాక్స్ తరహా, డెస్క్‌టాప్‌లో లేదు. ఇదే ఇంజిన్‌తో కొలాబొరా ఆన్‌లైన్ అని ఉంది, దానికి సర్వరు కావాలి. ఫోన్లో కావాలంటే కొలాబొరా వాళ్ల ఆప్ చూడండి.

ఎవరూ పెద్దగా చెప్పని ఒక సదుపాయం ఉంది, నాకైతే ఇదొక్కటి చాలు. పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు హైబ్రిడ్ పీడీఎఫ్ అని టిక్ పెడితే, చూసేవాళ్లకి అది మామూలు పీడీఎఫ్, లిబ్రెఆఫీస్‌లో తెరిస్తే మాత్రం దిద్దుకోగలిగే అసలు ఫైలు దాని కడుపులోనే ఉంటుంది. సభ ఆహ్వానం వాట్సాప్‌లో పంపాక "ఒరే, సమయం ఆరు కాదు, ఆరున్నర" అని ఫోన్ వచ్చే ఇళ్లకి ఇది వరం. ఈపబ్‌గా కూడా ఎక్స్‌పోర్ట్ అవుతుంది, సొంతంగా ఈబుక్ వేసుకునేవాళ్లకి.

మరి డబ్బు ఎక్కడిది? విరాళాలు కొంత, కోడ్‌లో పెద్ద భాగం మాత్రం కొలాబొరా లాంటి కంపెనీల జీతగాళ్లు రాసేది, ఆ కంపెనీలు పెద్ద సంస్థలకి సపోర్ట్ అమ్ముకుని బతుకుతాయి. అందుకే 2020లో ఒక తమాషా జరిగింది. 7.0 వెర్షన్ విడుదలకి ముందు పరీక్ష కాపీల మీద "పర్సనల్ ఎడిషన్" అని ముద్ర కనిపించేసరికి, ఇంకేముంది, రేపట్నించి డబ్బులు అడుగుతారు, కొంప మునిగింది అని గోల. సంస్థ వెనక్కి తగ్గి, ఆరు నెలలాగి 7.1కి "కమ్యూనిటీ" అని పెట్టుకుంది. పెద్ద కంపెనీలకి ఇది సపోర్ట్ లేని సరుకు, కొనుక్కోండి అని మర్యాదగా చెప్పడమే వాళ్ల ఉద్దేశం, దానికి ఇంత రాద్ధాంతం. పైసా కట్టనివాళ్ల గొంతే ఎప్పుడూ పెద్దది, నాతో సహా. ఆపిల్ స్టోర్‌లో దీనికి ధర కనపడితే కంగారుపడకండి, అది ఫౌండేషన్‌కే వెళ్తుంది, వాళ్ల సైటులో అదే సరుకు ఊరికే దొరుకుతుంది.

వెర్షన్ నంబర్లు కూడా మారాయి. 7.6 తరవాత 2024 మొదట్లో నేరుగా 24.2కి గెంతారు, ఏడాదీ నెలా అన్నమాట. ఏడాదికి రెండు, ఫిబ్రవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి. ఈ నంబరు పద్ధతి వల్ల మీ దగ్గరున్నది ఎంత పాతదో చూడగానే తెలిసిపోతుంది.

ప్రభుత్వాల్లో కూడా కదలిక ఉంది. జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం తన ముప్పై వేల కంప్యూటర్లని లిబ్రెఆఫీస్‌కి మారుస్తామని 2024లో ప్రకటించి పని మొదలెట్టింది. అదే జర్మనీలో మ్యూనిక్ నగరం 2003లో లినక్స్‌కి మారాలని నిర్ణయించుకుని, 2017లో మళ్లీ విండోస్ గూటికి వెళ్తామంది కూడా. కాబట్టి రెండు పక్షాల అభిమానులకీ వాదించుకోడానికి సరిపడా సరుకు ఉంది.

నా మార్కులు: తెలుగులో రాసుకునేవాళ్లకి ఐదుకి నాలుగు, ఆ కాంప్లెక్స్ అర లేకుంటే నాలుగున్నర ఇచ్చేవాణ్ని. విద్యార్థులకి నాలుగు. ఆఫీసులో వర్డ్ ఫైళ్లు రోజూ అటూ ఇటూ తిరిగేవాళ్లకి రెండున్నర.

పేరు గొడవ గుర్తుందా? నెట్‌లో ఓపెన్‌ఆఫీస్ అని వెతికితే అపాచీ వాళ్లది ఇప్పటికీ దొరుకుతుంది. 2014లో 4.1 వచ్చింది, ఆ తరవాత ఇప్పటిదాకా దానికి చిల్లర సవరణలే. డాక్‌ఎక్స్ ఫైలు తెరుస్తుంది, డాక్‌ఎక్స్‌గా సేవ్ చెయ్యలేదు. పేరు చూసి అదే అనుకుని దించుకుని, ఫ్రీవి ఇంతే అని తిట్టుకునేవాళ్లు చాలామంది. 2020లో లిబ్రెఆఫీస్ వాళ్లు బహిరంగ లేఖ రాసి మీ దగ్గరికొచ్చేవాళ్లకి మా సంగతి కూడా చెప్పండి బాబూ అని బతిమాలారు, అయినా ఏమీ మారలేదు. ఎవరికైనా చెప్పేటప్పుడు "లిబ్రె" అని ఒత్తి పలకండి, వీలైతే మెసేజ్‌లో రాసి పంపండి.